ఆరు వారాల కెన్యా శిక్షణకు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. నా వయసు 24. బి.ఎస్సీ. పూర్తయింది. మా అమ్మ ఆశా కార్యకర్త. చిన్నప్పటి నుంచీ ఆమె వెంట ఇళ్లకు తిరిగాను కాబట్టి ఈ పని మీద ఇష్టం. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు కెన్యాలో ఆరు వారాల 'కమ్యూనిటీ హెల్త్ వాలంటీర్' శిక్షణ ఉందనీ, 1,85,000 రూపాయలు కట్టాలనీ అంటున్నారు. టూరిస్టుగా వెళ్తే చాలట. ఆ సర్టిఫికెట్ ఉంటే గల్ఫ్ ఆసుపత్రుల్లో ఉద్యోగం తేలికట. నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చూస్తున్నారు. వెళ్లమంటారా? వెళ్లేట్టయితే ముందుగా ఏం నేర్చుకోవాలి?

సమాధానం: అమ్మా, ముందు అప్పు సంగతి. ఇంకా తేకపోతే తేవద్దని నాన్నగారికి ఈ రోజే చెప్పండి. రెండు రూపాయల వడ్డీ అంటే 1,85,000కి నెలకు 3,700, ఏడాదికి 44,400. ఆరు వారాల తర్వాత మీ చేతికొచ్చే కాగితంతో అందులో ఒక్క నెల వడ్డీ కూడా పుట్టదు. కారణాలు చెబుతాం. మీ ఇష్టాన్ని తప్పుపట్టడం లేదు. మీకు అమ్ముతున్న సరుకునే తప్పుపడుతున్నాం.

కమ్యూనిటీ హెల్త్ వాలంటీరు అంటే ఏ దేశంలోనైనా ఆ ఊరి మనిషే. మీ అమ్మను ఆశాగా తీసుకున్నప్పుడు మొదట చూసింది ఆమె ఆ ఊళ్లో కాపురం ఉంటుందా లేదా అనే. కెన్యాలోనూ అంతే. అక్కడ ఊరి సభలో, ఆ ఊళ్లో ఉండేవాళ్లలోంచే ఎన్నుకుంటారు. ఒక్కొక్కరి చేతికింద సుమారు 100 ఇళ్లు ఉంటాయి. వాళ్ల మీద కమ్యూనిటీ హెల్త్ అసిస్టెంట్ అనే జీతం తీసుకునే ఉద్యోగి ఉంటారు. ఇంకో మాట, 'కమ్యూనిటీ హెల్త్ వాలంటీర్' అన్న పేరే అక్కడ పాతబడింది. 2023 నుంచి వాళ్లను 'కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లు' అంటున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం సుమారు లక్ష మందికి బీపీ మిషను, గ్లూకోమీటరు, థర్మామీటరు, తూకం ఉన్న కిట్లు ఇచ్చింది. నెలకు 5,000 షిల్లింగులు, జాతీయ ప్రభుత్వం సగం, కౌంటీ ప్రభుత్వం సగం ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. నేపాల్‌లో 1988 నుంచి నడుస్తున్న మహిళా ఆరోగ్య స్వయంసేవికలను ఆ ఊరి తల్లుల సంఘమే ఎంచుకుంటుంది. మీ కన్సల్టెన్సీ కాగితాల్లో ఇంకా పాత పేరే ఉందంటే, ఆ కాగితం రాసినవాళ్లు అక్కడి వ్యవస్థను ఈ మధ్య చూడలేదనే అనుకోవాలి.

దీన్ని తిరగేసి చూడండి. కెన్యా నుంచి తెలుగు రాని ఒక అమ్మాయి ఆరు వారాల కోసం మీ ఊరొచ్చి, బాలింత ఉన్న గదిలోకి వెళ్లి, బిడ్డ బొడ్డు చూపించమంటే మీ వీధిలో వాళ్లు చూపిస్తారా? పక్కన మీ అమ్మ ఉంటే చూపిస్తారేమో. అప్పుడు కూడా చూపించేది మీ అమ్మకే. మీ పక్కనున్న దూబగుంటనే తీసుకోండి. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీదికి లేచింది రాత్రి బడిలో పక్కపక్కన కూర్చున్న ఇరుగుపొరుగు ఒక్కమాట మీదికి రావడం వల్లే. బయటినుంచి ఎంత తెలివైనవాళ్లు వచ్చి చెప్పినా అంత జరిగేది కాదు.

అలాగని బయటివాళ్లకు పనే ఉండదని కాదు, ఆ పని వేరే. స్థానిక వర్కరు వెంట నడవడం, రికార్డులు సరిచూడటం, శిక్షణలో బొమ్మలూ పరికరాలూ సిద్ధం చేయడం, నీటి పరీక్షల లెక్క రాయడం వంటివి. ఏ సంస్థైనా మీ పాత్రను ఈ తీరులో రాసిస్తే వాళ్లకు పని తెలుసని అర్థం. 'రోగులను చూస్తారు, ఇంజెక్షన్లు నేర్చుకుంటారు' అని ఊరిస్తే మాత్రం లేచి వచ్చేయండి. నర్సింగ్ చదవని మీరు అక్కడ సూది పట్టుకుంటే తప్పు. చదివినవాళ్లయినా అక్కడి నర్సింగ్ కౌన్సిల్ తాత్కాలిక అనుమతి లేకుండా పట్టుకోకూడదు.

టూరిస్టుగా వెళ్తే చాలన్న మాట మరీ ప్రమాదం. 2024 జనవరి నుంచి కెన్యాకు వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే అనుమతి తీసుకోవాలి. చూడటానికి వెళ్లేవాళ్లకు అది సరిపోతుంది. జీతం లేకపోయినా ఒక సంస్థలో పని చేయడం అక్కడ పని కిందికే వస్తుంది. కొద్ది కాలానికైతే 'స్పెషల్ పాస్', ఎక్కువ కాలానికైతే ధార్మిక, సేవా సంస్థల వాళ్లకిచ్చే 'క్లాస్ ఐ' పర్మిట్. వీటికి దరఖాస్తు పెట్టాల్సింది మిమ్మల్ని పిలిచే సంస్థ, మీరు కాదు. పట్టుబడితే జరిమానా కట్టేది, వెనక్కి పంపితే టికెట్టు డబ్బు పోగొట్టుకునేది మాత్రం మీరే. కన్సల్టెన్సీ వాళ్లు ఆ సమయానికి నెల్లూరులో ఏసీ గదిలో ఉంటారు.

గల్ఫ్ ఉద్యోగం మాటకొద్దాం. దుబాయి, అబుదాబి లాంటి చోట్ల ఆసుపత్రి ఉద్యోగం అంటే గుర్తింపున్న కోర్సు, ఇక్కడి కౌన్సిల్‌లో రిజిస్ట్రేషను, చదువునూ అనుభవాన్నీ నేరుగా కాలేజీలో, ఆసుపత్రిలో సరిచూసే డేటాఫ్లో పరిశీలన, ఆపైన లైసెన్సు పరీక్ష. ఆరు వారాల వాలంటీరు సర్టిఫికెట్‌కు ఈ దారిలో ఎక్కడా గడి లేదు. మీకు గల్ఫే కావాలంటే అదే డబ్బుతో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ, గుర్తింపున్న ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు గానీ మొదలుపెట్టండి.

ఇక్కడో తిరకాసుంది. మన వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు. అందుకే కొందరు నోటితో 'ఉద్యోగం' అంటారు, రశీదులో 'వాలంటీరు శిక్షణ' అని రాస్తారు. గొడవైతే రశీదే మాట్లాడుతుంది. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంది, వాళ్ల పేరు వెతికి చూడండి. ఆపైన ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి, సంతకంతో జవాబు అడగండి: అక్కడ నన్ను తీసుకునే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి? నా మీద పర్యవేక్షకులు ఎవరు, ఏ ఆరోగ్య కేంద్రం కింద పని? ఏ రకం అనుమతి మీద వెళ్తున్నాను, దరఖాస్తు ఎవరు పెడతారు? 1,85,000లో టికెట్టు ఎంత, బస ఎంత, ఆ సంస్థకు చేరేది ఎంత, మీకు మిగిలేది ఎంత? నాలుగోదానికి విడివిడిగా లెక్క ఇవ్వనివాళ్లకు అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

డబ్బు కట్టకుండా వెళ్లే దారి ఉంది, కాకపోతే ఇరుకు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమంలో 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యువ వాలంటీరు విభాగం ఉంది. ఎంపికైతే ప్రయాణం, బీమా, నెలనెలా ఖర్చులకు భత్యం వాళ్లే ఇస్తారు. ఏ దశలోనూ రుసుము అడగరు. అడిగారంటే అది మోసం. పోటీ గట్టిది, మీకు ఇంకో రెండేళ్లే ఉంది. అదే సంస్థలో ఇంటి నుంచే చేసే ఆన్‌లైన్ పనులూ ఉంటాయి. దరఖాస్తులో రాసుకోవడానికి అవి పనికొస్తాయి.

ఆ దరఖాస్తు నిలబడాలంటే చేతిలో పని అనుభవం ఉండాలి. అది ఉదయగిరిలోనే దొరుకుతుంది, ఖర్చు బస్సు చార్జీలంత. మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ఒక అర్జీ పెట్టుకోండి. నెలనెలా జరిగే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినానికి, మీ అమ్మ చేసే పసిబిడ్డ ఇంటి సందర్శనలకు వెంట వెళ్లేందుకు అనుమతి అడగండి. ఆసుపత్రిలో కాన్పయితే ఆ సందర్శనలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఉంటాయి. ఒక బిడ్డను ఆరుసార్లూ చూడండి. ప్రథమ చికిత్సకు నెల్లూరు రెడ్ క్రాస్‌లో అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. చేతి పనులు మాత్రం మనుషుల మీదే నేర్చుకోవాలి. ఏ దేశమెళ్లినా అవే పనులు, అవే పొరపాట్లు.

జబ్బ కొలిచే టేపుతో మొదలుపెట్టండి. 6 నెలల నుంచి 59 నెలల పిల్లల్లో పోషణ లోపం తెలుసుకోవడానికి వాడతారు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి, భుజం కొస ఎముక నుంచి మోచేతి మొన దాకా కొలిచి, సరిగ్గా సగంలో పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ తర్వాత చెయ్యి కిందికి వదులుగా వేలాడాలి. చాలామంది మడిచిన చేతికే చుట్టేస్తారు. కండ ఉబ్బి కొలత ఎక్కువొస్తుంది, ఎండిపోయిన బిడ్డ బాగున్నట్టు కనిపిస్తుంది. టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. గట్టిగా లాగితే లేని జబ్బు చూపిస్తుంది. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, అంటే తీవ్ర పోషణ లోపం. 11.5 నుంచి 12.5 లోపు పసుపు. టేపు ఆకుపచ్చ చూపించినా పాదాలు చూడకుండా వదలొద్దు. రెండు పాదాల మీదా బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి తీయండి. రెండింటి మీదా గుంట పడి నిలిచిందంటే అది నీరు, కొలత ఎంతున్నా వెంటనే ఆసుపత్రికి పంపాలి.

న్యుమోనియాను పసిగట్టడానికి వేసే ఊపిరి లెక్క ఇంతకంటే కష్టం. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. నిద్రపోతున్నా పర్వాలేదు. చొక్కా పైకెత్తి, పొట్ట మీద ఒక్క చోటే చూపు నిలిపి, పైకి లేచి దిగితే ఒకటి చొప్పున నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం అందరూ చేసే తప్పు. చంటిపిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు, మధ్యలో ఆగుతుంది, తర్వాత పరుగెడుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా వేగంగా ఉన్నట్టే. రెండు నెలల లోపు బిడ్డకు ఒకసారి 60కి చేరినా దాటినా మళ్లీ ఒకసారి లెక్కపెట్టి నిర్ధారించుకోండి. లోపలికి పీల్చేటప్పుడు ఛాతీ కింది భాగం గుంటపడుతుంటే లెక్క సరిగ్గా ఉన్నా పంపేయాలి. తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, ఫిట్స్, పిలిచినా కళ్లు తెరవకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అక్కడ కూర్చుని రిజిస్టరు రాయొద్దు. ముందు బిడ్డను కదిలించాలి, రాత తర్వాత.

మనకు బాగా తెలుసనుకునే ఓఆర్ఎస్‌లోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మన దగ్గర 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్టూ ఉంది, లీటరు నీళ్లకు కలిపే పెద్దదీ ఉంది. పెద్ద ప్యాకెట్టులో కొంచెం గ్లాసులో కలిపి మిగతాది దాచిపెడితే ఉప్పు పాళ్లు తారుమారవుతాయి. ప్యాకెట్టు మీదున్న కొలత చదివి, మొత్తం ఒకేసారి కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి. దానితో పాటు జింకు 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల బిళ్ల, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు సగం. మూడో రోజుకు విరేచనాలు తగ్గుతాయి, తల్లి బిళ్లలు అటక మీద పెట్టేస్తుంది. రెండోసారి ఆ ఇంటికి వెళ్లి బిళ్లలు లెక్కపెట్టే వర్కరే పని తెలిసిన వర్కరు.

బీపీకి మిషనుకన్నా ఓపిక ముఖ్యం. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, పట్టీ బట్ట మీద కాకుండా చర్మం మీద చుట్టాలి, కొలిచేంతసేపూ ఇద్దరూ మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. షుగరు పరీక్షకు ముందు చేతులు కడిగించి ఆరనివ్వండి. అరటిపండు తిన్న వేలు లేని షుగరు చూపిస్తుంది. ఒక సూది ఒక్కరికే, వాడాక మూత పెట్టే ప్రయత్నం చేయకుండా నేరుగా డబ్బాలో వేయాలి. ఎక్కువ మందికి గుచ్చుకునేది ఆ మూత పెట్టేటప్పుడే. ఒకవేళ గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, పర్యవేక్షకులకు అప్పటికప్పుడు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. సిగ్గుపడి దాచుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఉదయగిరి ప్రాంతం మనిషిగా మీ దగ్గర ఇంకోటి ఉంది. ఫ్లోరైడు నీళ్లు తాగిన పళ్ల గార మీకు కొత్త కాదు. కెన్యాలో రిఫ్ట్ లోయ ప్రాంతంలో, నకూరు, నైవాషా వైపు, ఇదే బాధ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీళ్లు కాచి తాగమని సలహా ఇచ్చే వాలంటీర్లు అక్కడికీ వెళ్తుంటారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. మీ మండలంలో నీటి పరీక్ష ఎలా చేస్తున్నారో, ఏ బోరులో ఎంతుందో నేర్చుకుని రాసుకోండి. దరఖాస్తులో సర్టిఫికెట్ కన్నా ఆ ఒక్క పేజీ బరువుగా ఉంటుంది.

అన్నీ కుదిరి, ఖర్చు సంస్థే పెట్టుకుని, సరైన అనుమతితో కెన్యాకే వెళ్తున్నారనుకుందాం. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను అక్కడ దీని గురించి అడగకపోవచ్చు, అందుకే చాలామంది వేయించుకోరు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి టీకా కార్డు లేకుండా వస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. మీకు దగ్గర చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. వేసే రోజులు ముందే కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, సీలు అక్కడే నిలబడి సరిచూసుకోండి. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ముందే చెప్పాలి. హెపటైటిస్ బి మూడు డోసులు 0, 1, 6 నెలల్లో. ఇది ఎక్కడికీ వెళ్లకపోయినా ఆసుపత్రి పనిలో ఉండేవాళ్లకు కావాలి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

మలేరియా నైరోబీలో తక్కువ, విక్టోరియా సరస్సు వైపు, సముద్రతీరంలో ఎక్కువ. నివారణ మందు ఏది వాడాలో డాక్టరు నిర్ణయిస్తారు. డాక్సీసైక్లిన్ అయితే రోజుకు 100 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా. గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా. ఇంటికొచ్చాం కదా అని మందు ఆపేయడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

భాష సంగతి. స్వాహిలీలో యాభై మాటలు వస్తే చాలు, పని మొదలవుతుంది. బిడ్డ 'మ్తోటో', జ్వరం 'హోమా', విరేచనాలు 'కుహారా', నీళ్లు 'మాజి', మందు 'దవా'. చివరిది మన దవాఖానాలోని దవానే, మర్చిపోరు. ఫొటోల విషయంలో మీ ఊళ్లో ఉండే మర్యాదే అక్కడా. ఎండిపోయిన బిడ్డను ఫోన్లో తీసి స్టేటస్ పెట్టకండి. 'మా దేశం నుంచి మందులు పంపిస్తా' లాంటి మాటలు ఇవ్వకండి, మీరు వెళ్లిపోయాక ఆ మాటకు జవాబు చెప్పుకోవాల్సింది అక్కడి వర్కరే.

తిరిగొచ్చాక మూడు నెలల లోపు జ్వరం వస్తే అది మామూలు జ్వరమే అయినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఏడాది దాకా కూడా ఏ జ్వరానికైనా డాక్టరు చెయ్యి పట్టుకోకముందే చెప్పాల్సిన మాట 'కెన్యా వెళ్లొచ్చాను' అని. మీరు చెప్పకపోతే ఉదయగిరిలో ఎవరికీ ఆ అనుమానం రాదు.